తుఫాను వెళ్ళిపోయినా వణుకు పోదెందుకు?

అక్టోబరు, నవంబరు నెలలు వచ్చాయంటే కోస్తా సంఘాల నుండి మాకు వచ్చే ఉత్తరాల తీరు మారుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట టీవీలో వినబడగానే ఇంట్లో పెద్దావిడ అన్నం మానేస్తుందని, బట్టలు మూట కట్టుకుని రాత్రంతా గుమ్మం దగ్గరే కూర్చుంటుందని ఒకరు రాస్తారు. గాలి హోరు పెరిగితే తన భర్తకు చెమటలు పట్టి మాట పెగలదని ఇంకొకరు రాస్తారు. వీరిలో 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనను చిన్నతనంలో చూసినవారున్నారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరిచెట్లు విరిగిపడుతుంటే పిల్లలను పొట్ట కింద దాచుకున్న తల్లులున్నారు. 2014 అక్టోబరు 12న విశాఖలో హుద్‌హుద్‌ను చూసినవారున్నారు. ఏళ్ళు గడిచినా వారి ఒంటికి ఆ రాత్రి గడవలేదు.

ఈ ఉత్తరాల చివర ఉండే ప్రశ్న దాదాపు ఒకటే. “అయ్యగారూ, ఆమె ప్రార్థనాపరురాలు. బైబిలు తెరవని రోజు లేదు. మరి ఇంత భయమెందుకు? విశ్వాసంలో లోపమేమైనా ఉందా?”

లోపం లేదు. ఈ జవాబు ఒక్క ముక్కలో చెప్పేసి ఊరుకోవచ్చు గాని, అలా చెబితే ఎవరూ నమ్మరని మాకు తెలుసు. ఎందుకు లోపం కాదో, ఆమె ఒంట్లో ఏమి జరుగుతున్నదో, సంఘంగా మనం చేయదగినదేమిటో, చేయకూడనిదేమిటో కొంచెం వివరంగా చెప్పుకుందాం.

మన శరీరంలో మన అనుమతి అడగకుండా పనిచేసే నరాల వ్యవస్థ ఒకటున్నది. గుండె కొట్టుకోవడం, అన్నం అరగడం, చెమట పట్టడం, కంటిపాప పెద్దది కావడం, ఇవన్నీ దాని పనులు. దానికి రెండు భాగాలు. ఒకటి ప్రమాదం వేళ ఒంటిని పరుగుకు సిద్ధం చేసేది. దీన్ని సింపథెటిక్ నాడీవ్యవస్థ అంటారు. రెండవది ప్రమాదం తీరాక ఒంటిని శాంతపరచి, తిండికీ నిద్రకూ మరమ్మతుకూ తిప్పేది, పారాసింపథెటిక్ నాడీవ్యవస్థ. ఈ రెండవదానిలో ముఖ్యమైన నరం వేగస్. మెదడు అడుగుభాగం నుండి బయలుదేరి మెడ గుండా దిగి గుండెకూ ఊపిరితిత్తులకూ కడుపుకూ కొమ్మలు పంపుతుంది. ఎడ్లబండి తోలేవారికి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. ములుకర్రా కావాలి, పగ్గమూ కావాలి. రెండూ ఉంటేనే బండి దారిలో నడుస్తుంది.

మెదడు లోతుల్లో బాదంగింజంత భాగం ఒకటుంది. పేరు అమిగ్డాలా. గ్రీకు భాషలో ఆ మాటకు అర్థం బాదమే. దాని పని కావలి కాయడం. గోడ విరిగిన చప్పుడు వినబడగానే, అది ఏమిటో మనం ఆలోచించుకునేలోపే ఇది కేక వేస్తుంది. ఆ కేకకు మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి, కొన్ని నిమిషాలకు కార్టిసాల్ అనే మరో హార్మోనునూ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. రక్తం కడుపు నుండి కాళ్ళూచేతుల కండరాలకు మళ్ళుతుంది. నోరు ఎండిపోతుంది, ఎందుకంటే ఆ క్షణంలో శరీరానికి అన్నం అరిగించుకునే తీరిక లేదు. వాల్టర్ కానన్ అనే అమెరికా శరీరశాస్త్రవేత్త గత శతాబ్దం తొలి దశకాల్లో దీనిని పరిశోధించి, పోరాడటానికో పారిపోవడానికో జరిగే సన్నాహం అని పేరు పెట్టాడు.

పోరాడటానికీ పారిపోవడానికీ వీలు లేనప్పుడు మరొకటి జరుగుతుంది. ఒళ్ళు బిగుసుకుపోతుంది, గొంతు రాదు. కొందరికి తమకు జరుగుతున్నది మరెవరికో జరుగుతున్నట్టు దూరంగా తోస్తుంది. అత్యాచారానికి గురైన స్త్రీని “ఎందుకు అరవలేదు?” అని అడిగే పెద్దమనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, మన సంఘాల్లోనూ ఉన్నారు. అరవకపోవడం ఆమె నిర్ణయం కాదు. ఆమె నరాలు ఆమెను అడగకుండా చేసిన పని అది. ఈ ఒక్క సంగతి సంఘపెద్దలందరికీ తెలిసినా చాలా కన్నీళ్ళు తప్పుతాయి.

ఇదంతా రోగం కాదు, దేవుడు జీవులకు ఇచ్చిన రక్షణ. తుఫాను రాత్రి ఆ తల్లి పిల్లలను ఎత్తుకుని మెడలోతు నీళ్ళలో నడవగలిగిందంటే ఈ ఏర్పాటు వల్లే. చిక్కు ఆ తర్వాత వస్తుంది. చాలామందిలో కొన్ని వారాల్లో పగ్గం మళ్ళీ చేతికి వస్తుంది. కొందరిలో రాదు. కావలివాడు కేకలు ఆపడు.

ఎందుకు ఆపడో తెలియాలంటే జ్ఞాపకం సంగతి చెప్పుకోవాలి. మామూలు జ్ఞాపకానికి తేదీ ఉంటుంది, చోటు ఉంటుంది. నిరుడు క్రిస్మసుకు ఎవరింట్లో భోజనం చేశామో తలచుకుంటే అది గతమని మనకు తెలుస్తూనే ఉంటుంది. అనుభవానికి అలా చోటూ కాలమూ జతచేసే పనిలో మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగానికి పెద్ద పాత్ర ఉంది. ప్రాణభయం మితిమీరినప్పుడు ఈ పని సరిగా సాగదు. మరోపక్క అడ్రినలిన్ వల్ల ఆ క్షణపు చప్పుడు, వాసన, చలి మెదడులో గట్టిగా అచ్చుపడతాయి. కాబట్టి ముక్కలు మిగులుతాయి, తేదీ మిగలదు. బురదనీటి వాసన తగిలితే చాలు, శరీరానికి అది 1977 కాదు, ఇప్పుడే. నుదుటి వెనుక ఉండే ఆలోచనా భాగం “అది అయిపోయింది, ఇది వేరే గాలి” అని నచ్చజెప్పాలి. ఆ మాట కావలివాని చెవికి ఎక్కదు. ఆమెకు తెలియక కాదు. ఆమె తెలివికి తెలుసు, ఆమె గుండెకు తెలియదు.

దీనికి ఒక పాత రుజువుంది. 1924 సెప్టెంబరులో రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నగరాన్ని వరద ముంచెత్తింది. గంట మోగితే కుక్క నోట లాలాజలం ఊరే ప్రయోగాలతో పేరుపొందిన ఇవాన్ పావ్లోవ్ పరిశోధనశాల అక్కడే ఉంది. గదుల్లోకి నీరు ఎక్కుతుంటే బోనుల్లోని కుక్కలు తలలు పైకెత్తి ఈదాయి. పనివారు వచ్చి కష్టం మీద వాటిని బయటికి తీశారు. ప్రాణాలు దక్కాయి. తర్వాత చూస్తే కొన్ని కుక్కలు అంతకుముందు నేర్చుకున్నవన్నీ మరచిపోయినట్టున్నాయి. చాలా రోజులకు అవి కోలుకున్నాక, ప్రయోగం కోసం ఒక కుక్క ఉన్న గది తలుపు కిందినుండి కొంచెం నీరు పారనిచ్చారు. అంతే. అది మళ్ళీ మొదటి స్థితికి వెళ్ళిపోయింది. సన్నని ధార నీరు ఎవరినీ ముంచదు. ఆ కుక్కకు విశ్వాసం తక్కువని ఎవరూ అనరు గదా!

పావ్లోవ్ రాసినదానిలో మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటుంది. ఆ కుక్కల్లో ఒకటి గదిలో ఒంటరిగా ఉంటే ఏమీ చేయలేకపోయేది. దానికి అలవాటైన మనిషి అదే గదిలో ఊరికే కూర్చుంటే నేర్చినవన్నీ తిరిగి వచ్చేవి. ఆ మనిషి బట్ట ఒకటి దానికి కనబడకుండా గదిలో ఉంచినా కొంత పనిచేసిందట. మనుషుల విషయంలో ఏమి చేయాలో ఈ సంగతిలోనే సగం ఉంది.

మనుషుల్లో ఈ స్థితికి వైద్యులు పేరు పెట్టడానికి చాలా కాలం పట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో చేతులు వణికి, చూపు పోయి, మాట పడిపోయిన సైనికులను చూసి 1915లో చార్లెస్ మయర్స్ అనే బ్రిటిష్ మనోవిజ్ఞానవేత్త ‘షెల్ షాక్’ అన్న మాటను వైద్యపత్రికకు ఎక్కించాడు. ఫిరంగిగుండ్ల అదురు వల్ల మెదడు దెబ్బతిన్నదని మొదట అనుకున్నారు. గుండు దగ్గరికే పోనివారిలోనూ అవే లక్షణాలు కనబడ్డాయి. అయినా సైన్యం చాలామందిని పిరికివాళ్ళనే అన్నది. పిరికితనం, పారిపోవడం వంటి నేరాలకు ఆ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన తన సైనికుల్లో 306 మందికి 2006లో ఆ ప్రభుత్వం క్షమాపణ మంజూరు చేసింది. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత! వారిలో కొందరు యుద్ధభీతితో మనసు దెబ్బతిన్నవారే. వణుకును నేరమన్నది సైన్యమైతే, పాపమన్న సంఘాలు లేవని చెప్పలేం.

వియత్నాం యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికుల వేదన తర్వాత, 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథంలో దీనిని చేర్చింది. ఇప్పుడు పి.టి.ఎస్.డి. అంటున్నది దానినే. లక్షణాలు స్థూలంగా ఇవి. జరిగింది కలల్లోనూ మెలకువలోనూ తిరిగి తిరిగి రావడం. దానిని గుర్తుచేసే చోటును, మనిషిని, మాటను తప్పించుకు తిరగడం. “నాదే తప్పు”, “ఎవరినీ నమ్మకూడదు” అన్న తలంపులు పాతుకుపోవడం, ఆప్తుల మీద కూడా ప్రేమ ఎండిపోయినట్టుండటం. చిన్న చప్పుడుకు ఉలిక్కిపడటం, నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం. ఇవి నెలకు మించి ఉండి, ఇంటిపనికీ జీవనోపాధికీ అడ్డొస్తుంటే వైద్యుని చూడాలి.

మన ఊళ్ళలో ఇది ఈ పేరుతో రాదు. గుండెదడ అని వస్తుంది, ఒళ్ళు మంటలు అని వస్తుంది, గ్యాస్ అని, తలపోటు అని వస్తుంది. ఆర్.ఎం.పి. డాక్టరు గారు సూది వేస్తారు, సెలైన్ ఎక్కిస్తారు. మగవారిలో సారా రూపంలో వస్తుంది. నిద్ర కోసం మొదలైన గ్లాసు కొన్నాళ్ళకు ఇంటిని తినేస్తుంది. తాగుబోతు అని సంఘం నుండి వెలివేసే ముందు, ఎప్పటి నుండి తాగుతున్నాడో, ఆ ఏడు ఏమి జరిగిందో ఎవరైనా అడగాలి.

తుఫానులే కారణమనుకోకండి. లారీ ప్రమాదం, ఊళ్ళో కులం పేరిట జరిగిన దాడి, ప్రసవంలో బిడ్డ పోవడం, కోవిడ్ వార్డులో పక్క మంచం మనిషి పోవడం చూడటం, ఇవన్నీ ఇంత పని చేయగలవు. ఇంట్లో ఏళ్ళ తరబడి భర్త కొట్టే దెబ్బలు, చిన్నతనంలో దగ్గరివారే చేసిన లైంగిక హింస ఇంకా లోతుగా గాయపరుస్తాయి. తుఫానుకు పేరుంటుంది, నష్టపరిహారం ఉంటుంది. వీటికి అవీ ఉండవు.

ఒక్క హెచ్చరిక. ఈ మధ్య సెల్‌ఫోనులో చూసిన వీడియోల పుణ్యమా అని ప్రతి బాధకూ ‘ట్రామా’ అనడం మొదలైంది. కష్టం చూసిన ప్రతివారికీ ఈ జబ్బు రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లోకంలో దాదాపు 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి భయానక సంఘటనను ఎదుర్కొంటారు, వారిలో పి.టి.ఎస్.డి. వచ్చేది 5.6 శాతం మందికే. మిగిలినవారు కుటుంబం, పని, నిద్ర, ప్రార్థనల మధ్య కోలుకుంటారు. అలాగే వేగస్ నరాన్ని నొక్కి పదినిమిషాల్లో గతాన్ని తుడిచేస్తామని డబ్బు అడిగేవారిని నమ్మకండి. ఆ నరం నిజం, ఆ వాగ్దానం కాదు.

ఇక మన సంగతి. లేఖనాల్లో దీనికి సమీపంగా మాకు కనబడే చోటు 1 రాజులు 19. కర్మెలు మీద అంత గొప్ప విజయం చూసిన ఏలీయా, యెజెబెలు కబురు వినగానే ప్రాణభయంతో పారిపోతాడు. సేవకుణ్ణి బెయేర్షెబాలో విడిచి, ఒంటరిగా అరణ్యంలోకి వెళ్ళి, బదరీవృక్షం కింద కూలబడి చావు కోరుకుంటాడు. అక్కడ దేవుడు చేసినదాని వరుస గమనించండి. మొదట అతణ్ణి నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళు చూపించాడు. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. గద్దింపు లేదు, కర్మెలును గుర్తుచేయలేదు. ప్రశ్న వచ్చింది హోరేబు చేరాక, అంటే నలభై రోజుల నడక తర్వాత. మనం తరచు ఈ వరుసను తలకిందులు చేస్తాం. ముందు ప్రసంగం, తర్వాత భోజనం.

యోబు స్నేహితులను మనం తిట్టుకుంటాం గాని, మొదటి ఏడు రోజులూ వారు సరిగ్గానే చేశారు. అతనితో నేల మీద కూర్చున్నారు, ఒక్క మాటా మాట్లాడలేదు (యోబు 2:13). నోరు తెరిచాకే చెడింది.

ఆపద జరిగిన మొదటి రోజుల్లో చేయవలసినది దాదాపు ఇదేనని నేటి వైద్యమూ చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరికొన్ని సంస్థలు కలిసి 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకంలోని పద్ధతి మూడు మాటల్లో ఉంది: చూడటం, వినడం, కలపడం. ఎవరు ఎక్కువ ప్రమాదంలో ఉన్నారో చూడాలి. చెప్పినంత వినాలి, చెప్పనిది గుచ్చి అడగకూడదు. తప్పిపోయినవారితో, రేషనుతో, వైద్యునితో కలపాలి. దీనికి పెద్ద చదువు అక్కరలేదు. మన దేశంలో భోపాల్ దుర్ఘటన, ఒడిశా పెనుతుఫాను, గుజరాత్ భూకంపం తర్వాత బెంగళూరులోని నిమ్హాన్స్ వైద్యులు స్థానికులకు, ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి ఈ పనికి నిలబెట్టారు. స్త్రీల సమాజం, యవనస్థుల కూటమి ఉన్న సంఘానికి మనుషుల కొరత లేదు.

మొదటి వారంలో అన్నిటికంటే మేలు చేసేవి చాలా మామూలువి. తలదాచుకునే చోటు ఎప్పటివరకు ఉంటుందో ఖచ్చితంగా చెప్పడం. కుటుంబాలను విడదీయకపోవడం. స్త్రీలకు చాటు ఉన్న స్నానపు గది. పిల్లలకు బడి త్వరగా తెరవడం, అది లేకపోతే చెట్టు కింద ఆటలు. పెద్దవారికి చేతినిండా పని, ఎందుకంటే వలను బాగుచేసుకునే మనిషికి తాను ఇంకా ఏదో చేయగలనన్న నమ్మకం చేతుల్లోంచి వస్తుంది. శవం దొరకనివారికి జ్ఞాపకార్థ ఆరాధన చేయండి, ఆలస్యం చేయకండి.

ఇప్పుడు చేయకూడనివి. మనసు విప్పి చెప్పుకుంటే బరువు తగ్గుతుందని, బాధితులందరినీ ఒకచోట కూర్చోబెట్టి జరిగినదంతా ఒక్క విడతలో చెప్పించే పద్ధతి ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో చాలా వాడారు. పరిశోధనలు జరిపి చూస్తే అది పి.టి.ఎస్.డి.ని ఆపలేదు, కొందరికి హాని కూడా చేసినట్టు తేలింది. మన దగ్గర దీని రూపం వేరు. పునరావాస శిబిరం నుండి వచ్చిన తల్లిని ఆదివారం వేదిక మీదికి పిలిచి, మైకు చేతికిచ్చి, “దేవుడు నిన్నెలా కాపాడాడో చెప్పమ్మా” అంటాం. బిడ్డ పోయిన తల్లి, ఇంకో బిడ్డ దక్కినందుకు అందరి ముందూ స్తోత్రం చెప్పాలి. ఆమె వణుకుతూ చెబుతుంది, మనం చప్పట్లు కొడతాం. వీడియో తీస్తాం. ఆ రాత్రి ఆమెకు నిద్ర ఉండదు. సాక్ష్యం మంచిదే, దాని వేళ చెప్పవలసినది ఆమె.

దయ్యం పట్టిందని జుట్టు పట్టుకుని ఊపడం, ఉపవాసాలు పెట్టించడం మరీ ఘోరం. భయంతో అల్లాడుతున్న శరీరాన్ని చుట్టుముట్టి కేకలు వేస్తే, కావలివాడు ఇంకా పెద్ద కేక వేస్తాడు. తిండి మాన్పిస్తే శరీరం మరింత ప్రమాదంలో ఉన్నానని అనుకుంటుంది. వైద్యుడు రాసిన మాత్రలు మాన్పించి విశ్వాసం చూపమనేవారు, మాత్రలు ఒక్కసారి మానితే వచ్చే ఉపద్రవానికి బాధ్యులు వారే.

క్షమించమని తొందరపెట్టడం గురించి కూడా చెప్పాలి. కొట్టే భర్త దగ్గరికి స్త్రీని సమాధానపరచి పంపించిన పాస్టర్లు సదుద్దేశంతోనే పంపి ఉంటారు. ప్రమాదం ఇంకా నడుస్తుంటే ఏ నరమూ మానదు. అది గాయపు మచ్చ కాదు, ఇంకా పడుతున్న దెబ్బ. ముందు ఆమె భద్రత చూడండి. స్త్రీల సహాయ నంబరు 181, పిల్లలకు 1098. పిల్లలపై లైంగిక హింస గురించి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది. సంఘం పరువు అన్న మాట అక్కడ చెల్లదు.

మానే దారి ఎలా ఉంటుంది? మొదట ఒంటికి పగ్గం తిరిగి అందాలి. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, విడిచేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. అందుకే విడిచే ఊపిరిని పొడిగించడం మేలు. మనసులో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి, అలా అయిదు నిమిషాలు. నెమ్మదిగా పాడే పాటలోనూ ఇదే జరుగుతుంది, ఎందుకంటే చరణం పూర్తయ్యేదాకా ఊపిరిని కొంచెం కొంచెంగా విడవాలి. పెద్దవాళ్ళు చాపల మీద కూర్చుని తప్పెట లేకుండా పాడుకునే సాయంకాలపు కూటంలో ఒళ్ళు తేలికపడటానికి ఇదొక కారణం. పక్కన తెలిసిన మనుషులుండటం మరో కారణం. అదే పాటను చెవులు చిల్లులుపడే స్పీకర్లలో పెడితే ఆ మేలు ఉండదని మా అభిప్రాయం. కీబోర్డు వాయించే తమ్ముళ్ళు కోపగించుకోకూడదు.

గతం మీదికి వచ్చిపడిన క్షణంలో మనిషిని ఇప్పటికి తీసుకురావాలి. “అమ్మా, నేను ఫలానా. ఇది మీ ఇల్లే. ఇదిగో ఈ మంచం కోడు పట్టుకోండి. ఎదురుగా ఏమేమి కనబడుతున్నాయో చెప్పండి” అని మెల్లగా అడగాలి. చన్నీళ్ళతో ముఖం కడుక్కోవడం, పాదాలు నేలకు ఆనించి కూర్చోవడం ఉపయోగిస్తాయి. అడగకుండా తాకవద్దు, తల మీద చేయి వేసి ప్రార్థించేటప్పుడు కూడా. రోజూ ఒకే వేళకు పడుకోవడం, నడవడం, టీ కాఫీలు తగ్గించడం చిన్నవిగా కనబడతాయి గాని నెల తిరిగేసరికి తేడా తెలుస్తుంది.

లక్షణాలు పాతుకున్నప్పుడు ఇవి చాలవు, చికిత్స కావాలి. ఈ జబ్బుకు మంచి చికిత్స ఉందని మన ప్రజల్లో చాలామందికి తెలియదు. శిక్షణ పొందిన సైకాలజిస్టు దగ్గర, భద్రమైన గదిలో, కొంచెం కొంచెంగా ఆ జ్ఞాపకాన్ని తాకుతూ, తప్పించుకు తిరిగిన చోట్లకు మెల్లగా తిరిగి వెళ్తూ సాగే పద్ధతి ఒకటి. కళ్ళను ఇటూ అటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలచుకునే ఇ.ఎమ్.డి.ఆర్. అనే పద్ధతి మరొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఈ రెండు తరహాలనూ సిఫారసు చేసింది. సెర్ట్రలిన్ వంటి మందులు కొందరికి బాగా పనిచేస్తాయి, గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. నిద్రమాత్రలు మాత్రం ఎవరికి వారు మెడికల్ షాపులో కొనుక్కుని వేసుకోవద్దు. అలవాటవుతాయి, జబ్బును తీయవు.

ఆ జ్ఞాపకం దగ్గరికే తిరిగి వెళ్ళడం ఎందుకు? కావలివానికి మాటలతో పాఠం ఎక్కదు, అనుభవంతోనే ఎక్కుతుంది. అదే వాసన, అదే చప్పుడు, ఈసారి పక్కన మనిషి ఉన్నాడు, ఏ కీడూ జరగలేదు. ఇలా చాలాసార్లు జరిగాక పాత అచ్చు పక్కన కొత్త అచ్చు పడుతుంది. పాతది చెరిగిపోదు, దాని పెత్తనం తగ్గుతుంది.

యోహాను సువార్తలో ఇలాంటిదొకటి ఉందని మాకు అనిపిస్తుంది. పేతురు ప్రభువును ఎరుగనన్నది ప్రధానయాజకుని ముంగిట బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ (18:18). తిరిగి లేచిన ప్రభువు తిబెరియ సముద్రపు ఒడ్డున అతని కోసం ఉంచింది కూడా బొగ్గుల మంటే (21:9). గ్రీకు మూలంలో రెండు చోట్లా మాట ఒకటే, అంత్రకియా. కొత్త నిబంధన మొత్తంలో ఈ రెండు చోట్లే కనబడుతుంది. మన తెలుగు బైబిలులో ఒకచోట మంట అని, మరొకచోట నిప్పులు అని ఉండటంతో ఈ సంగతి కంటికి ఆనదు. ఆ పొగ వాసన పేతురుకు ఏమి గుర్తుచేసి ఉంటుందో ఊహించవచ్చు. ప్రభువు మాత్రం ముందు చేపలూ రొట్టెలూ పెట్టాడు. భోజనమయ్యాకే అడిగాడు. యోహాను నరాల శాస్త్రం రాశాడని మేము అనడం లేదు. ఆ వరుస మళ్ళీ అదే అని మాత్రం అంటున్నాం.

వైద్యుడు ఎక్కడ దొరుకుతాడన్నది మా పాఠకుల తర్వాతి ప్రశ్న. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. ఉచితం, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నం చినవాల్తేరులోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. జిల్లా ఆసుపత్రిలోని మానసిక విభాగంలో అడగండి. “పిచ్చాసుపత్రికి తీసుకెళ్తున్నాం” అని కాకుండా “నిద్ర పట్టడం లేదు గదా, నిద్ర డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను” అంటే చాలామంది బయలుదేరతారు. నేనూ వస్తాను అన్న మాట వదలకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి జంకవద్దు. అడిగినందువల్ల ఆ తలంపు పుట్టదు. ఉన్నదని చెబితే ఆ రోజు ఒంటరిగా విడవకండి, పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంచకండి.

సంఘకాపరుల గురించి రెండు మాటలు. ఉప్పెన తర్వాత వరుసగా సమాధి ఆరాధనలు జరిపించినవారు, కోవిడ్ రోజుల్లో బంధువులు దగ్గరికి రాని శవాలను పాతిపెట్టినవారు మనలో ఉన్నారు. వారి నరాలు కూడా అవే నరాలు. అమ్మగారికి తెలుస్తుంది, అయ్యగారు రాత్రుళ్ళు లేచి కూర్చుంటున్నారని. ప్రసంగంలో ఊరికే కోపం వస్తోందని సంఘానికి తెలుస్తుంది. పాస్టర్ల కూటాల్లో లెక్కలూ బదిలీలూ మాట్లాడుకున్నాక ఒక గంట దీనికి మిగల్చవచ్చు. పెద్దలు తమ కాపరికి వారం రోజులు సెలవిచ్చి పంపవచ్చు, జీతం కోయకుండా.

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు వణికే ఇళ్ళు ఏవో ప్రతి ఊళ్ళోనూ స్త్రీల సమాజానికి తెలుసు. ఆ పేర్లు ఇప్పుడే ఒక కాగితం మీద రాసి, ఎవరింటికి ఎవరు వెళ్ళాలో పంచుకోండి. వెళ్ళేవారు టార్చిలైటు, ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళండి. రాత్రి పన్నెండు దాటాక గాలి పెరిగే వేళకు ఆ గుమ్మం దగ్గర ఆవిడ పక్కన ఇంకొకరు కూర్చుని ఉండాలి. మాట్లాడకపోయినా ఫరవాలేదు.